పండుగ పొద్దున పక్కన కూర్చునే తీరిక

(నంద్యాలలో జరిగిన మన సంఘ కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాలుగు రోజుల కిందట ఫోను చేసి, "అమ్మా, డిసెంబరు సమావేశం కదా, క్రిస్మస్ గురించి మీరేదైనా మాట్లాడాలి" అన్నారు. క్రీస్తు జననం గురించి చెప్పడానికి పాదిరిగారు ఉన్నారు. నాకు తెలిసినవి రెండే, బడి, వంటిల్లు. 2013లో 58 నిండి బడి దిగిపోయాను. మరుసటి ఏడాదే పదవీ విరమణ వయసు 60 అయింది. ఆ బాధ ఇక్కడ చాలామందికి ఉందని నాకు తెలుసు, కనుక దాన్ని తవ్వను. వంటింటి పదవికి మాత్రం విరమణ లేదు. అందుకని పండుగనాడు తెల్లవారుజామున మన ఇళ్లలో జరిగే హడావుడి గురించి, దాన్ని ఎట్లా తప్పించుకోవచ్చునో దాని గురించి నాలుగు మాటలు చెబుతాను. మన సభ్యుల్లో సంక్రాంతి చేసుకునేవారు, రంజాను చేసుకునేవారు ఎక్కువ. వారు క్రిస్మస్ అన్న చోటల్లా తమ పండుగ పేరు పెట్టుకుని వినండి, పెద్ద తేడా ఉండదు.

2008 వరకు మా ఇంటి సంగతి వినండి. 24వ తేదీ రాత్రి పదకొండు గంటలకు నేను ఇంకా కజ్జికాయలు వత్తుతూ ఉండేదాన్ని. పాప జాకెట్టు దర్జీ దగ్గరే ఉండేది. మావారు స్టూలెక్కి నక్షత్రంలో బల్బు మార్చేవారు. పదిరోజులు వెలిగిన బల్బు సరిగ్గా ఆ రాత్రే ఎందుకు పోతుందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. రెండు గంటలకు లేచి పలావుకు మసాలా నూరేదాన్ని. అయిదు గంటలకు గ్యాసు అయిపోయేది. గుడి గంట మోగేసరికి నా తలలో నూనె కమురు వాసన. ఇరవై ఎనిమిదేళ్లు నేను క్రిస్మస్ ప్రసంగం మొదటి సగం వినలేదు. రెండో సగం నిద్రలో విన్నాను. ఇంటికి వచ్చి మళ్లీ పొయ్యి. పలావు దించి, క్యారియర్లు సర్ది, ఆళ్లగడ్డ బస్సు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటిపోయేది.

ఆళ్లగడ్డలో మా అత్తగారు ఉండేవారు. నంద్యాలకు రమ్మంటే రాలేదు. "ఈ ఇంట్లోకి కోడలిగా వచ్చినా, ఈడనే ఉంటా" అనేది. మా చిన్న మరిది ఆమె దగ్గర ఉండేవాడు గానీ ఆ ఏడాది వాళ్లు పండుగకు అతని అత్తగారి ఊరికి పోయారు. 2008 డిసెంబరు 25, గురువారం. బస్సులు కిటకిటలాడుతున్నాయి. ఒకటి ఎక్కలేక, రెండోది ఎక్కి, శిరివెళ్ల దగ్గర అరగంట ఆగి, మేం ఇల్లు చేరేసరికి రెండున్నర. వాకిలి తీసే ఉంది. ఆమె నేలమీద పడి ఉంది. ఒళ్లంతా చెమట. పక్కింటావిడ తల ఒళ్లో పెట్టుకుని పిలుస్తూ ఉంది.

ఆమెకు చక్కెర జబ్బు. పొద్దున లేచి మాత్ర వేసుకుంది. కొడుకు కోడలు పిల్లలు వస్తారు, అందరితో తింటానని ఏమీ తినకుండా కూచుంది. మేం ఏడు గంటలు ఆలస్యం చేశాం. పలావు కోసం.

ఆసుపత్రికి తీసుకుపోయాం, సూది ద్వారా గ్లూకోజు ఎక్కించారు, సాయంత్రానికి తేరుకుంది. మంచం మీద పడుకుని నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఇది: "అమ్మీ, నీ పలావు ఎవురికి కావాల? పొద్దున్నే వచ్చి కాసేపు పక్కన కూచుంటే సాలదా?" తిట్టినా బాగుండేది.

ఇక్కడ కూర్చున్నవారిలో చక్కెర మాత్రలు వేసుకునేవారు చేతులెత్తండి అంటే సగం చేతులు లేస్తాయి. అందుకని ఈ ఒక్కటి ముందు చెప్పి తర్వాత వంటల్లోకి పోతాను. పండుగనాడైనా, ఉపవాస ప్రార్థననాడైనా, డాక్టరును అడగకుండా మాత్ర వేసుకుని తిండి మానకూడదు. రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గితే చెమట, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం. స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష చూడాలి. తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది, వెంటనే 108కి ఫోను చేయాలి. తెల్లవారుజాము ఆరాధనకు పోయే పెద్దలు సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకంతో పాటు ఒక అరటిపండు, రెండు బిస్కెట్లు పెట్టుకోండి.

సరే. ఆ తర్వాత జనవరిలో నేను కూర్చుని ఆలోచించాను. నలభై అయిదు నిమిషాల పాఠానికి ప్రణాళిక రాసి ప్రధానోపాధ్యాయుల సంతకం పెట్టించుకునేదాన్ని. సంవత్సరానికి ఒకసారి వచ్చే పండుగకు ఒక్కనాడూ రాయలేదు. వెంటనే ఒక 200 పేజీల నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో, ఆ పండుగలో ఏం చేశాం, ఏం మిగిలింది రాశాను. అరిసెలు 80 చేశాం, 31 మిగిలాయి. మురుకులు చాలలేదు. లడ్లు ఎవరూ తినలేదు, ఇచ్చినవాళ్లకే తిరిగి పోయాయి. మన ఇళ్లలో తిండి ఎంత చేయాలన్నది పోయినేడు మిగిలినదాన్ని చూసి కాదు, ఎదురింటివాళ్లను చూసి నిర్ణయిస్తాం. ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, చివరి పేజీలకు వచ్చింది.

ముందుగా సిద్ధపడటం మన ప్రాంతపు క్రైస్తవులకు కొత్త సంగతి కాదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. అది సిద్ధపడే కాలమే. ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడులో ఎస్.పి.జి. మిషన్ వారు 19వ శతాబ్దం మధ్యలో పని ప్రారంభించారు, తర్వాత నంద్యాల వారికి పెద్ద కేంద్రమైంది. ఆ పేరుతో ఉన్న హైస్కూలు మీకందరికీ తెలిసిందే, మనలో కొందరు అక్కడ చదివినవారే. వారిది ఆంగ్లికన్ పద్ధతి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల వైపువారు చాలామంది తమ పాత పద్ధతిని విడవలేక వెంటనే అందులో కలవలేదు, 1970లలో గానీ కలవలేదు. ఆ పాత ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో, ఆగమన కాలానికి ముందు ఆదివారం చదివే ప్రార్థన 'కదిలించు' అనే అర్థం వచ్చే మాటతో మొదలవుతుంది. అది వినగానే ఇంగ్లండులో ఇల్లాండ్రకు ఇంట్లో పుడ్డింగు కలపాలని గుర్తుకొచ్చేదట. ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ తలా ఒకసారి గరిటె తిప్పి, ఉడకబెట్టి, నెల రోజులు దాచి, క్రిస్మస్‌నాడు తీసి వేడి చేసుకునేవారు. ప్రార్థనలో గరిటె వెతుక్కున్నవాళ్లు వాళ్లు. మనం ఆ ప్రార్థన తీసుకున్నాం గానీ ఆ నెల రోజుల తెలివి తీసుకోలేదు. అత్తగారింట్లో అరిసెల పాకం నెలాఖరు రాత్రి పట్టడం మనకే చెల్లింది.

మా పుస్తకంలో ఉన్న పద్ధతి ఇప్పుడు చెబుతాను. ముందుగా ప్రయాణాలు. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్న పిల్లలు చివరి రోజున టిక్కెట్టు కోసం వెతికి, దొరక్క, రాత్రంతా కూర్చుని వచ్చి, పండుగ పొద్దున మంచం మీద నుంచి లేవరు. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 రోజులుండేది. అంటే డిసెంబరు 23 ప్రయాణానికి అక్టోబరు 24 పొద్దున. ఆ తేదీ నేను క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసి, పిల్లలకు ఫోను చేసి గుర్తు చేస్తాను. 24న కాదు, 23న రమ్మంటాను. ఒక రోజు నిద్ర వాళ్లకు, ఒక రోజు సాయం నాకు.

తర్వాత దర్జీ. బట్టలు అక్టోబరు నెలాఖరులోగా ఇవ్వాలి. నవంబరు దాటితే ఆయన "అట్లనేమ్మా" అంటాడు, ఆ మాటకు అర్థం 24 రాత్రి అని. ఇవ్వవలసిన తేదీ డిసెంబరు 10 అని చెబితే 18న ఇస్తాడు, అది చాలు.

పిండివంటల దగ్గర కొంచెం ఆగాలి. అరిసెలకు బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, వడగట్టి, తడి ఆరీ ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. ఇది ఒక్కరు చేసే పని కాదు, ఒకరు పిండి పోస్తే ఒకరు తిప్పాలి. కానీ చాలామంది గమనించని సౌకర్యం ఒకటుంది. ఆ పాకంపిండి పైన నెయ్యి రాసి మూతపెడితే కొన్ని రోజులు ఉంటుంది, ఒకేసారి అన్నీ కాల్చనక్కర లేదు. మేం డిసెంబరు రెండో వారంలో ఒక ఆదివారం సాయంత్రం పాకం పడతాం, రెండు రోజులు సందకాడ కొన్ని కొన్ని కాలుస్తాం. నూనె బాగా పిండి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే పండుగ దాటినా చెడవు. వేడి మీద మూత పెడితే మూడో రోజుకే బూజు. మురుకులు, నిప్పట్లు ఆ తర్వాతి వారం. ఎండుకొబ్బరి, పుట్నాలు, చక్కెర కలిపిన కజ్జికాయలు 20న. ఆ తేదీ తర్వాత మా ఇంట్లో నూనె బాణలి పొయ్యెక్కదు, పండుగ పొద్దున బజ్జీలకు తప్ప. కేకు సంగతి వేరు. మా చిన్నప్పుడు పిండి కలిపి డబ్బాల్లో పోసి బేకరీకి ఇచ్చేవాళ్లం, వాళ్ల పొయ్యిలో కాల్చి ఇచ్చేవారు. ఒకసారి మా డబ్బా బదులు ఇంకొకరి మాడిన డబ్బా వచ్చింది. ఇప్పుడు కొనుక్కుంటున్నాం, ఎవరి మాడుపు వాళ్లకే.

ఇరుగుపొరుగుకు పంపే పళ్లెం గురించి ఒక మాట. మాంసం తినని ఇళ్లకు ఇచ్చే డబ్బాలు మా ఇంట్లోకి చియ్యలు రాకముందే సర్దేస్తాను. ఆ డబ్బా మీద కాగితం అంటించి పేరు రాస్తాను. చెప్పకపోయినా వాళ్లకు తెలుసు, ధైర్యంగా తింటారు. 2020లో డిసెంబరు 25నే వైకుంఠ ఏకాదశి వచ్చింది. మా పక్కింటి వదిన అహోబిలం స్వామి భక్తురాలు, ఆనాడు బియ్యం ముట్టదు. అరిసెలంటే బియ్యం. ఆ సంగతి పంచాంగం చూసి ముందే తెలుసుకున్నాను గనుక 24నే ఇచ్చి, "ద్వాదశి పొద్దున తిను వదినా" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అరిసెలకు కాదు, పంచాంగం చూసినందుకు. రంజానుకు ఎదురింటి నుంచి వచ్చే షీర్‌ఖుర్మా గిన్నెలో నేను ఖాళీ గిన్నె ఎప్పుడూ తిరిగి పంపను, ఆ లెక్క కూడా పుస్తకంలో ఉంది.

గ్యాసు సిలిండరు, పాలవాడికి ఎక్కువ పాలు, మాంసం కొట్టులో ముందు చెప్పి పెట్టడం, మందుల దుకాణంలో నెలకు సరిపడా మాత్రలు, ఇవన్నీ డిసెంబరు ఒకటిన పింఛను పడిన వారంలోనే అయిపోవాలి. వీటికి తెలివి అక్కరలేదు, గుర్తుంటే చాలు.

ఇక పొద్దున. 2009 నుంచి మేం చేసిన పెద్ద మార్పు ఇది. 24 సాయంత్రానికే అందరం ఆళ్లగడ్డ చేరేవాళ్లం. నంద్యాల గుడి విడిచిపెట్టి అక్కడి గుడిలో ఆరాధన. మావారికి మొదటి ఏడాది కష్టమైంది, ఇన్నేళ్లు కూర్చున్న బల్ల కదా. రాత్రి తొమ్మిదికి పొయ్యి ఆర్పేసేవాళ్లం. పొద్దున పొయ్యి మీద ఎక్కేవి రెండే, కాఫీకి పాలు, ఉగ్గాని. ఉగ్గాని మన జిల్లా వాళ్లకు దేవుడిచ్చిన వరం. బొరుగులు నీళ్లలో వేసి పిండటానికి అయిదు నిమిషాలు చాలు. పప్పుల పొడి వారం ముందే కొట్టి సీసాలో పెట్టవచ్చు. పచ్చిమిరపకాయల ముద్ద ముందురోజు రాత్రే నూరవచ్చు. ఎర్రగడ్డలు తరిగి మూతపెట్టవచ్చు. పొద్దున తిరగమోత వేసి, పసుపు, ముద్ద, బొరుగులు, పొడి, చివర నిమ్మకాయ. పదిహేను నిమిషాల్లో ఇరవైమందికి టిఫిను. బజ్జీలు మాత్రం అప్పటికప్పుడు కాల్చాలి, ఆ పని మావారిది, అల్లుడిది. మొదటి వాయి మాడింది, ఎవరూ చావలేదు.

మధ్యాహ్నానికి పలావు తీసేశాను. అన్నం, చియ్యల కూర, పెరుగు. పలావు 26న, ఆరాం‌గా. దీనికి మా ఇంట్లో జరిగిన తగాదా అంతా ఇంతా కాదు. మా ఆడబిడ్డ "క్రిస్మస్‌కు పలావు లేని ఇల్లు యాడైనా ఉందా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. రెండో ఏడు ఆమే వచ్చి, "మా ఇంట్లో కూడా 26నే పెట్టుకున్నా" అంది.

పిల్లలు విదేశాల్లో ఉన్నవారు మన సంఘంలో చాలామంది. మీ పండుగ పొద్దున మీకు ఫోనే. ఆ ఫోనుకు కూడా వేళ ముందే మాట్లాడుకోండి. మన దగ్గర 25 పొద్దున ఎనిమిది అంటే అమెరికా తూర్పు వైపున 24 రాత్రి తొమ్మిదిన్నర. వాళ్ల పిల్లలు నిద్రపోకముందు మాట్లాడించవచ్చు. అదే మీరు పదకొండుకు చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది, పిల్లలు పడుకుంటారు, మీరు రోజంతా చిన్నబుచ్చుకుంటారు. ఒంటరిగా ఉన్నవారు ఆ వీధిలో ఇంకొకరి ఇంట్లో టిఫిను మాట్లాడుకోండి. పిలుస్తారని చూడకండి, మీరే అడగండి. నేనైతే ఏటా ఇద్దరిని పిలుస్తాను, వారు ఇప్పుడు ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు.

2009 క్రిస్మస్ పొద్దున ఆరాధన అయ్యాక ఇంటి అరుగు మీద నేను, మా అత్తగారు కూర్చున్నాం. ఆమె ముందు ఉగ్గాని పళ్లెం, తిన్నాకే మాత్ర. చలిగా ఉంది, ఎండ అప్పుడే అరుగు మీదికి వస్తోంది. చేతిలో పని లేదు. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆమెతో మాట్లాడినవన్నీ ఉప్పు, పప్పు, పిల్లల జ్వరాలు. అప్పుడామె తనంతట తనే తన చిన్ననాటి క్రిస్మస్ గురించి చెప్పింది. వాళ్ల నాయన వరికోత కూలికి పోయి, ఆ గింజలు అమ్మి ఆడపిల్లకు ఒక పరికిణీ గుడ్డ తెచ్చేవాడట. అది మళ్లీ క్రిస్మస్ వరకు. వెదురు పుల్లలతో నక్షత్రం కట్టి, తెల్ల కాగితం అంటించి, లోపల చిన్న ఆముదపు దీపం పెట్టేవారట. ఒకసారి అది అంటుకుని కొట్టం చూరు కాలిందట. "మా నాయన నన్ను కొట్టలేదమ్మీ, నచ్చత్రం నిజంగా వచ్చిందిలే అన్యాడు" అని పకపక నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. చెనక్కాయలు, బెల్లమే వాళ్ల పిండివంటట. గుడికి చీకట్లో లాంతరు పట్టుకుని పొలాల గట్ల మీద నడిచేవారట.

ఇంకా రెండు క్రిస్మసులు అట్లా కూర్చున్నాం, 2010, 2011. చెప్పిన కథే చెప్పేది, కాలిన చూరు ఏటికేడు కొంచెం పెద్దదయ్యేది. 2012 వేసవిలో పోయింది. ఆమె మూడేళ్లు చెప్పిన మాటలు అదే పుస్తకంలో, అరిసెల లెక్కల వెనక పేజీల్లో రాసిపెట్టాను. పోయినేడు మా మనవరాలు చదివి, ఆ వెదురు నక్షత్రం ఎట్లా కట్టాలో చెప్పమంది. మావారు పుల్లలు చీల్చి కట్టారు, దీపం బదులు చిన్న బ్యాటరీ లైటు పెట్టారు. 24 రాత్రి అది ఆరిపోలేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. బయట మిరపకాయ బజ్జీల వాసన కూడా వస్తోంది. నా పుస్తకంలోని తేదీల పట్టిక కావలసినవారు టీ దగ్గర అడిగితే రాయించుకోవచ్చు. మీ ఇళ్లలో ఏం చేస్తారో నాకు చెబితే నేనూ రాసుకుంటాను, ఇంకా ఆరు పేజీలు మిగిలే ఉన్నాయి. సెలవు.